పోకర్ శిక్షణా వీడియోలు

పోకర్ శిక్షణా వీడియోలు అనగా పోకర్ అనే పేకాటను నిపుణులు అంతర్జాలంలో ఆడుతూ, ప్రతి పందెం వద్ద తమ ఆలోచనను పైకి చెబుతూ రికార్డు చేసిన పాఠాలు. తెరపై ఆటబల్ల, పేకముక్కలు, పందేలు కనిపిస్తుండగా వెనుకనుండి బోధకుని గొంతు వినిపిస్తూ ఉంటుంది. 2005 ప్రాంతంలో అమెరికాలో ఇవి వ్యాపారరూపం దాల్చాయి. అంతకు మునుపు ఈ ఆటను పుస్తకాలు చదివో, తోటి ఆటగాళ్ళను అడిగో, డబ్బు పోగొట్టుకొనో నేర్చుకొనేవారు. పుస్తకం నియమాన్ని చెప్పగలదు గాని, ఆ నియమం ఎక్కడ వర్తించదో కొద్ది సెకన్లలో ఎలా తేల్చుకోవాలో చూపలేదు. వీడియోల ప్రత్యేకత ఈ రెండవ విషయంలోనే ఉన్నది.

ఆట స్వరూపం

పోకర్‌లో అనేక రకాలున్నా, శిక్షణా వీడియోలలో అత్యధికం టెక్సాస్ హోల్డెమ్ అనే రకానికి సంబంధించినవి. ఇందులో 52 ముక్కల పేక వాడతారు, జోకరు ఉండదు. ప్రతి ఆటగానికి రెండు ముక్కలు మూసి పంచుతారు. పిదప బల్ల మధ్యన ఐదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా తెరుస్తారు. మొదట ఒకేసారి తెరిచే మూడింటిని ఫ్లాప్ అనీ, నాల్గవదానిని టర్న్ అనీ, ఐదవదానిని రివర్ అనీ అంటారు. ఒక్కొక్క దశలోనూ పందేలు సాగుతాయి. మొత్తం ఏడు ముక్కలలో ఉత్తమమైన ఐదింటితో ఎవరి కూర్పు పెద్దదైతే వారిది పందెపు కుప్ప. మిగిలినవారందరూ ముక్కలు పడవేస్తే, చూపించనక్కరలేకుండానే మిగిలినవాడు గెలుస్తాడు.

తెలుగునాట మూడుముక్కలాట చూసినవారికి పందెం పెంచుకుంటూ పోవటం, ముక్కలు లేకున్నా బుకాయించి ఎదుటివానిచేత ఆట వదిలించటం కొత్త సంగతులు కావు. అయితే మూడుముక్కలాటలో ఉమ్మడి ముక్కలు ఉండవు కనుక లెక్కకు ఆధారం తక్కువ. హోల్డెమ్‌లో ఏడింట ఐదు ముక్కలు అందరి కళ్ళ ఎదుటే ఉండటంవలన ఎదుటివాని చేతిలో ఏమి ఉండవచ్చునో ఊహించటం ఒక విద్యగా పెరిగింది. చేతికి రాగల రెండు ముక్కల జతలు మొత్తం 1,326. ఇస్పేటు, ఆఠీను, డైమండు, కళావరు అనే భేదం వదిలి, రెండు ముక్కలూ ఒకే గుర్తువా కావా అన్నది మాత్రమే చూస్తే 169 రకాలు. రెండూ ఆసులే రావటం సగటున 221 ఆటలకు ఒకసారి జరుగుతుంది.

కాసినో బల్ల వద్ద గంటకు సుమారు 25 నుండి 30 ఆటలు పడతాయి. అంతర్జాలంలో ముక్కలు పంచేది కంప్యూటరు కనుక ఒక్కొక్క బల్లపై 60 నుండి 100 ఆటలు సాగుతాయి. పైగా ఒకే మనిషి ఒకేసారి నాలుగైదు బల్లలపై ఆడవచ్చు. ఆటగానికి ఒక దురలవాటు ఉంటే అది అక్కడికంటే ఇక్కడ పదిరెట్లు వేగంగా అతని జేబును ఖాళీ చేస్తుంది. శిక్షణకు గిరాకీ ఏర్పడటానికి ఇది ముఖ్య కారణం.

చరిత్ర

డోయల్ బ్రన్సన్ 1970ల చివర వెలువరించిన 'సూపర్ సిస్టమ్', డేవిడ్ స్క్లాన్‌స్కీ 1987లో ప్రచురించిన 'ది థియరీ ఆఫ్ పోకర్' చాలాకాలం ఈ ఆటకు ప్రామాణిక గ్రంథాలుగా ఉన్నాయి. ఎదుటివారి ముక్కలు కనిపిస్తే ఎలా ఆడతామో, కనిపించకున్నా అలాగే ఆడగలిగినప్పుడల్లా లాభమే అన్నది స్క్లాన్‌స్కీ సూత్రం. కానీ ఎదుటివారి ముక్కలు ప్రేక్షకునికి కనబడే సాధనం ఆనాడు లేదు. 1999లో బ్రిటన్‌లో చానెల్ 4 ప్రసారం చేసిన 'లేట్ నైట్ పోకర్' కార్యక్రమంలో బల్లకు అద్దపు పలకలు అమర్చి, కింద కెమెరాలు ఉంచి మూసిన ముక్కలను చూపించారు. 2003లో అమెరికాలో 'వరల్డ్ పోకర్ టూర్' కూడా ఇటువంటి పద్ధతినే అనుసరించింది. అంతవరకు చూడటానికి విసుగు కలిగించిన పేకాట ఒక్కసారిగా నాటకంలా మారింది.

అదే 2003లో టెనెస్సీ రాష్ట్రానికి చెందిన క్రిస్ మనీమేకర్ అనే గణకుడు, అంతర్జాలంలో 100 డాలర్ల లోపు ప్రవేశ రుసుముతో మొదలుపెట్టి, 10,000 డాలర్ల రుసుము గల వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో స్థానం సంపాదించి, 839 మందిలో ప్రథముడై 25 లక్షల డాలర్లు గెలిచాడు. చివరి ఇద్దరిలో అతని ప్రత్యర్థి శామ్ ఫార్హా. ఒక ఆటలో ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు మాత్రమే పట్టుకొని, ఏ కూర్పూ పడకపోయినా మనీమేకర్ తన సర్వస్వాన్నీ పందెంగా ఒడ్డాడు. తొమ్మిదుల జత ఉన్న ఫార్హా చాలాసేపు ఆలోచించి ముక్కలు పడవేశాడు. ఇద్దరి ముక్కలూ ప్రేక్షకులకు కనబడుతున్నందున బుకాయింపు ఎలా పనిచేస్తుందో లక్షలాది మంది ప్రత్యక్షంగా చూశారు. 2006 నాటికి ఆ పోటీకి 8,773 మంది వచ్చారు.

ఇంతమంది కొత్తవారు వచ్చాక నేర్పేవారు కూడా వచ్చారు. 2005లో టేలర్ కేబీ, ఆండ్రూ విగ్గిన్స్ అనే ఇద్దరు యువ ఆటగాళ్ళు 'కార్డ్‌రన్నర్స్' ప్రారంభించారు. చందా చెల్లించిన సభ్యులు నిపుణుల వీడియోలు చూడవచ్చును. తరువాత 2007లో 'డ్యూసెస్ క్రాక్డ్', 2012లో ఫిల్ గాల్ఫాండ్ స్థాపించిన 'రన్ ఇట్ వన్స్', 2015లో డగ్ పోల్క్ తదితరుల 'అప్‌స్వింగ్ పోకర్' వచ్చాయి. 2011 ఏప్రిల్ 15న అమెరికా న్యాయశాఖ మూడు పెద్ద అంతర్జాల పోకర్ సంస్థలపై అభియోగాలు బయటపెట్టడంతో అక్కడి ఆటగాళ్ళకు ఆడటానికి బల్ల లేకపోయింది; పాఠాలకు గిరాకీ కూడా దెబ్బతిన్నది.

పాఠం నడిచే తీరు

వీడియోలు స్థూలంగా మూడు విధాలు. నిపుణుడు స్వయంగా ఆడుతూ వివరించేవి మొదటి రకం. ఆడిన ఆటల చిట్టాను తరువాత తీరికగా తిరగవేసి విమర్శించేవి రెండవ రకం. సిద్ధాంతాన్ని పలకపై పాఠంలా చెప్పేవి మూడవ రకం. మొదటిది చూడటానికి రక్తి కడుతుంది కానీ, నాలుగు బల్లలు కదులుతుండగా బోధకుడు సగం మాటలు మింగివేస్తాడు. కొత్తవారికి రెండవ రకమే ఎక్కువ ఉపకరిస్తుంది. అందులోనూ సామాన్య ఆటగాడు ఓడిపోయిన ఆటలను నిపుణుడు దిద్దే వీడియోలు మేలైనవి, ఎందుకంటే చూసేవాడు చేసే తప్పులు అతనివంటివాడి ఆటలోనే దొరుకుతాయి.

ఇటువంటి వీడియోలో వినిపించే తర్కానికి ఒక ఉదాహరణ చూడవచ్చు. కుప్పలో 100 రూపాయలున్నాయి. టర్న్ ముక్క తెరిచారు, ఇంకొక్క ముక్క రావలసి ఉంది. మన చేతిలో రెండు ఇస్పేట్లు, బల్లపై రెండు ఇస్పేట్లు ఉన్నాయి. ఐదవ ఇస్పేటు పడితే గెలుస్తామనుకుందాం. ఎదుటివాడు 50 రూపాయలు పందెం కాశాడు. మనం 50 ఇస్తే కుప్ప 200 అవుతుంది. అంటే నాలుగింట ఒక వంతు, 25 శాతం సార్లు గెలిస్తేనే పెట్టిన సొమ్ము తిరిగి వస్తుంది. కనబడని ముక్కలు 46, వాటిలో ఇస్పేట్లు 9. గెలిచే సంభావ్యత 9/46, అనగా 19.6 శాతం. లెక్క ప్రకారం ముక్కలు పడవేయాలి.

సామాన్య ఆటగాడు ఇక్కడితో ఆగుతాడు. నిపుణుడు ఇంకొక అడుగు వేస్తాడు. ఇస్పేటు పడిన తరువాత ఎదుటివాని నుండి ఇంకెంత రాబట్టవచ్చు? 46లో 37 సార్లు 50 చొప్పున పోతుంది, మొత్తం 1,850. మిగిలిన 9 సార్లు 150 చొప్పున వస్తే 1,350 మాత్రమే. లోటు 500ను 9తో భాగిస్తే సుమారు 56. కనుక చివరి దశలో సగటున మరొక 56 రూపాయలు రాగలవని నమ్మకం ఉంటేనే ఆడాలి. మూడవ ఇస్పేటు బల్లపై పడగానే జంకి ఆట వదిలేసే ప్రత్యర్థి అయితే ఆ 56 రాదు. లెక్క అందరికీ ఒకటే, ఎదుటి మనిషిని అంచనా వేయటంలోనే తేడా. ముఖం కనబడని అంతర్జాలంలో ఆ అంచనాకు ఆధారాలు అతడు గతంలో ఎన్ని ఆటలలో పాల్గొన్నాడు, ఎంత పందెం కాస్తాడు, ఎంత సేపు ఆలోచిస్తాడు అన్నవే. 'పోకర్ ట్రాకర్' వంటి సాఫ్టువేర్లు ఈ గణాంకాలను కూర్చిపెడతాయి. వాటిని చదవటం నేర్పే వీడియోలు అనేకం ఉన్నాయి.

బుకాయింపు లెక్క ఇంకా సులభం. 100 ఉన్న కుప్పకు 50 కాస్తే, మూడింట ఒకసారి ఎదుటివాడు వదిలేసినా నష్టం లేదు. ఈ సంగతి వినగానే కొత్తవారు ప్రతి ఆటలోనూ బుకాయించటం మొదలుపెడతారు. ఎన్నడూ ముక్కలు పడవేయని ప్రత్యర్థిపై బుకాయింపు పనికిరాదని బోధకులు ఎన్నిసార్లు చెప్పినా చాలామంది చెవికెక్కించుకోరు.

చూసే పద్ధతి

వీడియోను సినిమాలా చూసినవారికి ఆట పెద్దగా మెరుగుపడదు. లెక్కల పుస్తకం చివరన ఉన్న జవాబులు చూసి, లెక్క తమకు వచ్చునని భ్రమించే విద్యార్థుల స్థితి ఇదే. నిపుణుడు కారణం చెబుతుంటే అంతా సహజంగానే తోస్తుంది, కానీ స్వయంగా బల్ల వద్ద కూర్చున్నప్పుడు ఆ కారణం తట్టదు. అందుచేత నిర్ణయం తీసుకొనే క్షణానికి ముందే వీడియోను నిలిపివేసి, తానైతే ఏమి చేస్తాడో, ఎందుకో కాగితంపై వ్రాసుకొని, పిదప ముందుకు సాగటం మంచిది. బోధకుని జవాబుతో తన జవాబు కలవని చోట్లు రెండు మూడు దొరికితే ఆ రోజు పాఠానికి అంతే చాలు. గంట వీడియోకు ఈ విధంగా రెండు మూడు గంటలు పడుతుంది. ఆ విరుద్ధమైన చోట్లనే తన సొంత ఆటల చిట్టాలో వెదికి చూసుకోవటం తరువాతి మెట్టు.

తాను ఆడే పందెపు స్థాయికి సంబంధించిన వీడియోలనే ఎంచుకోవటం కూడా అవసరం. వేల డాలర్ల బల్లపై ఇద్దరు నిపుణులు ఒకరి మనసులో ఒకరు దూరి వేసే ఎత్తులు, చిల్లర పందేల బల్లపై అర్థం లేనివి. అక్కడి ప్రత్యర్థి ఆ ఎత్తును గమనించను కూడా గమనించడు.

అదృష్టం, కమీషను

నేర్చుకున్నది ఫలిస్తున్నదో లేదో తెలుసుకోవటం ఈ ఆటలో చాలా కష్టం. ఒక మంచి ఆటగాడు 100 ఆటలకు సగటున 5 పెద్ద బ్లైండ్లు, అనగా తప్పనిసరి కనీస పందేలు, గెలుస్తాడనీ, 100 ఆటలకు క్రమ విచలనం 90 అనీ అనుకుందాం. 10,000 ఆటలకు అతని సగటు లాభం 500, క్రమ విచలనం 900. అంటే ఇంత చక్కగా ఆడేవాడు కూడా 10,000 ఆటల తరువాత నష్టంలో ఉండటానికి సుమారు 29 శాతం అవకాశం ఉన్నది. లక్ష ఆటలు ఆడితే అది సుమారు 4 శాతానికి తగ్గుతుంది. ఇదే కారణంగా చెత్తగా ఆడేవాడు నెలల తరబడి గెలుస్తూ, తాను చూసిన వీడియోల చలవేనని నమ్మవచ్చు. నష్టం వెంట పరుగెత్తే వ్యసనం సాధారణంగా ఈ అస్పష్టతలోనే మొదలవుతుంది.

ఇంకొక విషయం ప్రకటనలలో కనిపించదు. పోకర్‌లో ఒకరి గెలుపు మరొకరి ఓటమి. పైగా నిర్వాహకులు ప్రతి కుప్పనుండి సాధారణంగా 5 శాతం వరకు, ఒక పరిమితికి లోబడి, కమీషను తీసుకుంటారు. కనుక బల్ల చుట్టూ ఉన్నవారి మొత్తం సొమ్ము ఆట సాగేకొద్దీ తరుగుతుంది. తరగతిలో అందరూ చదివితే అందరూ ఉత్తీర్ణులు కావచ్చు. ఈ బల్ల వద్ద అందరూ అవే వీడియోలు చూసి వస్తే అందరూ కలిసి కమీషను చెల్లిస్తారు, అంతే.

నమ్మకానికి సంబంధించిన సమస్యలు

బోధకుడు తన గెలుపులను ఏరి చూపటం, నిర్వాహక సంస్థల నుండి ప్రతిఫలం పొంది వారి బల్లలకు వీక్షకులను పంపటం ఈ వ్యాపారంలో ఉన్న లోపాలు. మరోవైపు, చిట్టాలను తిరగవేసి పరిశీలించే అలవాటు ఒక పెద్ద మోసాన్ని బయటపెట్టింది. 2007లో 'అబ్సొల్యూట్ పోకర్' సంస్థ ఒక ఆటగాడు కోరిన పోటీ చిట్టాతోపాటు అందరి మూసిన ముక్కల వివరాలు గల దస్త్రాన్ని పొరపాటున పంపింది. దానిని పరిశీలించిన ఆటగాళ్ళు, ఒక ఖాతాదారుడు ఎదుటివారి ముక్కలు చూస్తూ ఆడుతున్నట్లు తేల్చారు. ఎంత శిక్షణ పొందినా అటువంటి ప్రత్యర్థిని ఓడించటం ఎవరి తరమూ కాదు.

సాల్వర్ల రాక

2015లో 'పియోసాల్వర్' విడుదలైన తరువాత బోధన స్వరూపం మారిపోయింది. ఎవరూ తప్పు పట్టలేని సమతుల్య ఆటను కంప్యూటరు దాదాపుగా లెక్కించి చూపే ఇటువంటి సాఫ్టువేరును సాల్వర్ అంటారు. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి 'లిబ్రాటస్' 1,20,000 ఆటలలో నలుగురు నిపుణులను ఓడించింది. కుప్ప కంటే ఎన్నోరెట్లు పెద్ద పందెం కాసే దాని పద్ధతిని మనుషులు తరువాత అనుకరించారు. అంతకు మునుపటి వీడియోలలో అనుభవజ్ఞులు ధీమాగా చెప్పిన అనేక సూత్రాలు సాల్వర్ పరీక్షకు నిలువలేదు. పాత వీడియోలలో నేటికీ పనికివచ్చేవి పందెపు లెక్కలు, నిగ్రహానికి సంబంధించిన పాఠాలు. ఆడుతుండగా సాల్వరును సంప్రదించటాన్ని ప్రధాన సంస్థలు మోసంగా పరిగణిస్తాయి.

భారతదేశంలో చట్టం

సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 1967లో ఇచ్చిన తీర్పు, రమ్మీ మూడుముక్కలాట వలె పూర్తిగా అదృష్టంపై ఆధారపడినది కాదనీ, అందులో నైపుణ్యం ప్రధానమనీ పేర్కొన్నది. పోకర్ విషయంలో ఇంతటి స్పష్టత రాలేదు. 2017లో గుజరాత్ హైకోర్టు దీనిని జూదంగానే పరిగణించింది. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ గేమింగ్ చట్టాలను సవరించి అంతర్జాలంలో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యం, అదృష్టం అనే భేదం లేకుండా అంతర్జాల ధనక్రీడలన్నిటినీ నిషేధించింది. నిర్వాహకులకు మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వాటి ప్రకటనలు కూడా శిక్షార్హమే. దీనితో దేశంలోని పోకర్ సంస్థలు ఆ నెలలోనే డబ్బు ఆటలను నిలిపివేశాయి.