వెలుగు జారవిడిచిన సగం



జీవకణం ఇంచుమించు గాజువంటిది. దానిగుండా సాగిన వెలుగు ప్రకాశంలో అంతగా తరగదు. దాని తరంగం మాత్రం రవ్వంత వెనుకబడుతుంది. తరంగపు ఈ స్థితికే దశ అని పేరు. కన్నైనా, కెమెరాయైనా తీవ్రతను గ్రహించి దశను జారవిడుస్తాయి. కణరూపం చాలావరకు ఆ జారిన సగంలోనే ఉన్నది. అందుకే పూర్వం రంగులద్ది చూచేవారు. ఆ ప్రయత్నంలో తరచు కణం ప్రాణం పోయేది.

హాలండు దేశీయుడు జెర్నికె 1930ల దశకంలో దశాభేదాన్ని వెలుగునీడలుగా మార్చే సూక్ష్మదర్శినిని కల్పించి, 1953లో నోబెల్ బహుమతి పొందాడు. సజీవకణం కంటికి కనబడింది. దశను కొలిచే పని మిగిలింది.

బుడాపెస్టులో పుట్టిన డెనిస్ గాబర్ 1948లో ఇంగ్లండునుండి హోలోగ్రామ్ ఉపాయాన్ని ప్రకటించాడు. ఒకే పుంజంలో, వస్తువు చెదరగొట్టిన వెలుగు చెదరని వెలుగుతో కలిసి గీసే వలయాలలో దశ గుప్తంగా ఉంటుంది. కాని అసలు బింబంతోపాటు కవలబింబమూ వచ్చి చూపును చెరిచింది. 1962లో అమెరికాలో లీత్, ఉపాట్నీక్స్ అనువారు రెండవ పుంజాన్ని ఏటవాలుగా పంపి కవలను విడదీశారు. రెండు పుంజాల అమరిక మాత్రం చిన్న అదురుకే చెదురుతుంది.

పోయిన దశను లెక్కతో రాబట్టవచ్చునని 1972లో గెర్చ్‌బర్గ్, శాక్స్‌టన్ చూపారు. ఆ పద్ధతి తాళపత్రాలు పరిష్కరించినవారికి కొత్తగా తోచదు. పురుగు తొలిచినచోట ఒక పదం ఊహిస్తాము. గణం కుదిరితే అన్వయం కుదరదు. అన్వయానికై మారిస్తే యతి తప్పుతుంది. రెండూ ఒప్పేవరకు అటూ ఇటూ తిరుగుతాము. వారును రెండు తలాలలో కొలిచిన తీవ్రతల నడుమ గణితంతో రాకపోకలు సాగించి, రెంటికీ సరిపడే దశను పట్టారు.

2005, 2006 సంవత్సరాలలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పెడ్రీని, ఓస్టెన్, ఆల్మొరో ప్రభృతులు ఒంటిపుంజాన్నే గ్రహించి, వేర్వేరు దూరాలలో తీవ్రతలు నమోదుచేశారు. ఒక తలంనుండి మరొకదానికి తరంగాన్ని లెక్కలో నడిపించారు. ఒక ప్రతిలో చెడిన అక్షరం వేరొక ప్రతిలో దొరికినట్లు, ఒక తలం మిగిల్చిన సందేహాన్ని మరొకటి తీర్చింది.

దశ చేజిక్కితే తరంగాన్ని ఏ లోతుకైనా లెక్కించవచ్చు. ఐతే ఒక దిక్కునుండి దొరికిన దశలో మందమూ వక్రీభవన గుణకమూ కలిసి ఉంటాయి. వాటిని విడదీసి కణపు త్రిపరిమాణ రూపం తెలియాలంటే పలు దిక్కులనుండి చూడాలి. అందుకు కావలసిన గణితాన్ని ఎమిల్ వోల్ఫ్ 1969లోనే ఇచ్చాడు.

గాబర్ ఒంటిపుంజం దోషభూయిష్టమని తోచిన కాలంలో కొరవడినది లెక్కించే సాధనమే. అది సమకూరిన పిమ్మట, రంగులద్దకుండా, ప్రాణం తీయకుండా కణాన్ని కొలువగలిగారు. చెడిన పాఠాన్ని వెంటనే పారవేయరాదని మా గురువులు చెప్పేది ఇందుకే కాబోలు.