ఎ, యాన్: ఆంగ్లంలో ఏది ఎక్కడ?

ఆంగ్లంలో లెక్కించదగిన ఒక వస్తువును లేదా వ్యక్తిని, ఫలానా అని నిర్దేశించకుండా ఏకవచనంలో చెప్పునపుడు ముందుగా ‘ఎ’ గాని ‘యాన్’ గాని చేర్చవలెను. వీటికి అనిర్దిష్ట ఉపపదాలని పేరు. తెలుగులో ‘ఆమె టీచరు’ అంటే సరిపోతుంది. ఆంగ్లంలో ‘షీ ఈజ్ ఎ టీచర్’ అనక తప్పదు. నీరు, సలహా, సమాచారం వంటి లెక్కకు రానివాటికి మాత్రం ఇవి చేరవు. కనుక ‘యాన్ అడ్వైస్’ అనుట దోషము.

బళ్ళారిలోనైనా, హోసూరులోనైనా, పర్లాకిమిడిలోనైనా, యానాంలోనైనా మన పిల్లలకు ఆంగ్ల పరీక్షలో ఈ ఖాళీలు పూరించే ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు ‘యాన్’ వస్తుందని కంఠస్థం చేసినవారు కొన్నిచోట్ల పొరబడతారు. ఎందుకనగా ఇక్కడ ప్రధానమైనది వ్రాసే అక్షరం కాదు, పలికే ధ్వని.

తెలుగు లిపితో పరీక్ష

ఆంగ్లం రాని తల్లిదండ్రులు కూడా పిల్లలకు చెప్పగల ఉపాయం ఒకటున్నది. ఆ పదాన్ని విన్నది విన్నట్లుగా తెలుగులో వ్రాయించండి. మొదటి అక్షరం అచ్చయితే ‘యాన్’, హల్లయితే ‘ఎ’.

‘యూనివర్సిటీ’, ‘యూనిఫాం’, ‘యూరోపియన్’ పదాలు ఆంగ్లంలో అచ్చులతో మొదలైనా, పలుకులో ఉన్నది యకారము. కనుక ‘ఎ యూనివర్సిటీ’. ‘వన్’ వకారంతో మొదలగును. కనుక ‘ఎ వన్ రూపీ కాయిన్’. ‘అవర్’, ‘ఆనెస్ట్’, ‘ఆనర్’, ‘ఎయిర్’ (వారసుడు) పదాలలో ముందున్న హెచ్ పలకదు. కనుక ‘యాన్ అవర్’, ‘యాన్ ఆనెస్ట్ మ్యాన్’. హెచ్ పలికే చోట ‘ఎ హోటల్’, ‘ఎ హౌస్’.

తెలుగు లిపి రానిచో కన్నడ, ఒడియా, మరాఠీ లిపులలో వ్రాసినను ఈ పరీక్ష పనిచేస్తుంది.

మూడు జాగ్రత్తలు

1. ‘యాపిల్’, ‘యాక్టర్’, ‘యాంట్’ పదాలలో వ్రాసే ‘యా’ నిజమైన యకారం కాదు. ఆ ఆంగ్ల అచ్చుకు తెలుగులో ప్రత్యేకాక్షరం లేనందున అట్లు వ్రాస్తాము. వీటికి ‘యాన్’ రావలెను.

2. మనం ‘ఎగ్’ను ‘యెగ్గు’ అనీ, ‘ఆఫీసు’ను ‘వాఫీసు’ అనీ పలుకుట కద్దు. ఆ య, వలు మన పలుకుబడిలోనివే. ‘యాన్ ఎగ్’, ‘యాన్ ఆఫీస్’ అనుటే సరి.

3. సంవత్సరాన్ని, చెవిని మనం ‘ఇయర్’ అనే పలుకుతాము. సంవత్సరానికి ఆంగ్లంలో ముందు యకారం ఉన్నది. కనుక సంవత్సరమైతే ‘ఎ ఇయర్’, చెవి అయితే ‘యాన్ ఇయర్’.

పొడి అక్షరాలు, అంకెలు

ఎ, ఇ, ఎఫ్, హెచ్, ఐ, ఎల్, ఎం, ఎన్, ఓ, ఆర్, ఎస్, ఎక్స్ అను 12 అక్షరాల పేర్లు అచ్చు ధ్వనితో మొదలగును (హెచ్‌కు ప్రామాణికోచ్చారణ ‘ఎయిచ్’). కనుక ‘యాన్ ఎమ్మెల్యే’, ‘యాన్ ఎస్.ఎస్.ఎల్.సి. సర్టిఫికెట్’, కాని ‘ఎ బి.ఏ. డిగ్రీ’. అంకెలలో 8, 11, 18 ముందు ‘యాన్’, 10 ముందు ‘ఎ’ వచ్చును.

మధ్యలో విశేషణం వస్తే దాని ధ్వనినే చూడవలెను: ‘యాన్ ఎగ్’, కాని ‘ఎ బాయిల్డ్ ఎగ్’, ‘ఎ మ్యాంగో’, కాని ‘యాన్ అన్‌రైప్ మ్యాంగో’.

ఈ రెండు రూపాలు ఎట్లు వచ్చినవి?

ప్రాచీనాంగ్లంలో ‘ఆన్’ అనగా ఒకటి. ‘యాన్’ దాని నుండి వచ్చిన పాత రూపము. సుమారు 12వ శతాబ్దం నుండి హల్లుల ముందు నకారం జారిపోయి ‘ఎ’ మిగిలినది. మన ‘ఒక రోజు’ వాడుకలో ‘ఓ రోజు’ అయినట్లే. ఈ మార్పులో కొన్ని మాటలు తమ నకారాన్ని పోగొట్టుకున్నవి. ‘ఎ నేప్రన్’ అన్నది ‘యాన్ ఏప్రన్’గా విడిపోయినది. ‘ఆరెంజ్’ కూడా ఆంగ్లంలోకి రాకముందే, ఫ్రెంచి, ఇటాలియన్ భాషల ప్రాంతంలో ఇట్లే నకారం కోల్పోయినదని భాషావేత్తల అభిప్రాయం. సంస్కృత ‘నారంగం’లోని ఆ నకారం మన ‘నారింజ’లో నేటికీ వినిపిస్తుంది.