నూతిలోని మనిషి, గట్టుమీది మనిషి



నేడు నేను మీకు మనవి చేయబూనినది రాజుల చరిత్రము కాదు. నూతిలో దిగు పనివాని చరిత్రము.

నా చిన్ననాట మా యూరి నూతికి పూడిక తీయించునప్పుడు, ఒడ్డెర మేస్త్రి తాను దిగుటకు ముందు లాంతరును త్రాటికి కట్టి లోనికి వదలెడివారు. దీపము అడుగువరకు వెలుగుచు పోయినచో దిగెడివారు. నడుమ ఆరిపోయినచో ఆ పూట పని మానెడివారు. ఆయన దిగిన పిమ్మట ఆయన తమ్ముడు మోకు చేతబట్టి గట్టుమీద కూర్చుండి, మాటిమాటికి “అన్నా!” యని పిలుచుచుండెను. ఊరక కూర్చున్న వానికి కూలి యేల యని ఆనాడు నాకు తోచినది. ఆ ప్రశ్నకు చరిత్రము చెప్పిన సమాధానమే నేటి నా ప్రసంగము.

దీపపరీక్ష మిక్కిలి ప్రాచీనమైనది. రోమను గ్రంథకర్తయగు ప్లీనీ క్రీస్తుశకము మొదటి శతాబ్దిలోనే, నూతులు త్రవ్వువారిని విషపుగాలి చంపుననియు, లోనికి దింపిన దీపము ఆరుట యా యపాయమునకు గుర్తనియు వ్రాసియున్నాడు. దీప మేల యారునో మాత్రము చాలకాలము తేలలేదు. 1750 తరువాతి సంవత్సరములలో స్కాట్లండు దేశమున జోసెఫ్ బ్లాక్ అను పండితుడు సున్నపురాతినుండి వెలువడు ఒక గాలిని శోధించి, అందు దీపము వెలుగదనియు, ప్రాణి బ్రదుకదనియు నిరూపించెను. మనము బొగ్గుపులుసు గాలి యనునది యిదియే. మామూలు గాలికంటె ఇది సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. కుళ్ళిన ఆకులనుండి, బురదనుండి పుట్టి, నీటివలె పల్లమున నిలుచును. అందుచేతనే పాడునూతి గట్టున నిలిచినవానికి లేని యపాయము అడుగున నుండును.

అయితే దీపమొక్కటే చాలదని బొగ్గుగనులు నేర్పినవి. ఇంగ్లండు ఉత్తరభాగమందలి ఫెల్లింగు గనిలో 1812 మే 25వ తేదీన మండెడి గాలి ప్రేలి 92 మంది మరణించిరి. అచ్చట దీపమే మృత్యువునకు త్రోవ చూపగలదు. 1815లో హంఫ్రీ డేవీ సన్నని తీగెల వలలో జ్వాలను బంధించి కాపుదల దీపమును నిర్మించెను. పిదప 1896లో వేల్సు దేశమందలి టైలర్స్‌టౌను గనిలో ప్రేలుడు సంభవించి 57 మంది మరణించిరి. వారిలో పెక్కురు మంటచేత గాక, కార్బన్ మోనాక్సైడు అను గాలిచేత చనిపోయిరని జాన్ స్కాట్ హాల్డేను అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. ఈ గాలికి రంగు లేదు, వాసన లేదు. మనుష్యుని కూల్చునంతటి యా గాలిలోను దీపము వెలుగుచునే యుండును! కావున గనివారు పంజరములో చిన్న పక్షిని వెంట గొనిపోవుట అలవాటు చేసికొనిరి. బ్రిటనులో ఈ యాచారము 1986 వరకు సాగినది.

ఆ హాల్డేను కుమారుడు జె. బి. ఎస్. హాల్డేను. ఆయన 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరమున దేహము చాలించిరి. తమ బాల్యమున జరిగిన యొక విషయమును ఆయన చెప్పియున్నారు. తండ్రి ఆయనను గనిలోనికి దింపి, పైకప్పున తేలికయైన చెడుగాలి చేరినచోట నిలువబెట్టి, షేక్స్‌పియరు నాటకమందలి యొక ప్రసంగమును అప్పగింపుమనెను. కొంత చదువునప్పటికే బాలునికి రొప్పు పుట్టి కాళ్ళు తేలిపోయి క్రింద పడెను. నేలమీది గాలి మంచిది గనుక తేరుకొనెను. ప్రక్కన తండ్రి లేకున్న నేమగునో మీరే యూహింపుడు.

గట్టుమీది తమ్ముడు “అన్నా!” యని యేల పిలిచెనో నాకిప్పుడు బోధపడినది. చెడుగాలి మొదట హరించునది కండబలమును గాదు, తెలివిని. నాకు అపాయము వచ్చినదని తెలిసికొనవలసిన మనస్సే ముందుగా మొద్దుబారును. ఎంత నేర్పరియైనను తన తెలివి తప్పుచుండుటను తాను కనిపెట్టలేడు, మరియొకడు కనిపెట్టవలెను. పిలుపునకు బదులు రానియప్పుడు మోకు లాగుటయే ఆ తమ్ముని పని. అది ఊరక కూర్చుండుట కాదు.

అయితే ఆ రెండవవాడు నూతిలో దుమికిన ఫలము లేదు. తండ్రి పడిపోగా కొడుకును, కొడుకు వెంట పొరుగువాడును దిగి ముగ్గురును మరణించిన వార్తలు నేటికిని వినబడుచున్నవి. కావున దిగువాని నడుమునకును భుజములకును మోకు ముందుగానే కట్టియుండవలెను. గట్టుననుండి లాగుటకు చాలినంతమంది యుండవలెను. నూతిలో ఆయిలింజను నడచినచో, దాని పొగలో హాల్డేను చెప్పిన యా గాలియే యుండును. అచ్చట లాంతరును నమ్మరాదు. మరుగుదొడ్డి గుంటల సంగతి యింకను ఘోరము. రక్షణసాధనములు లేక మనుష్యులను అందు దింపి శుభ్రము చేయించుటను 2013 నాటి చట్టము నిషేధించినది. నేడు గాలిని కొలుచు యంత్రములు కలవు. అగ్నిమాపక దళమువారు కలరు. వారిని పిలుచుట పిరికితనము కాదు.

పెద్దలారా! పనికి కూలి మాటలాడువారు మీరే. ఒక్కడు చాలునని బేరమాడినప్పుడు మనము మిగుల్చుకొనునది ఒక దినపు కూలి. పణముగా ఒడ్డునది ఒక యింటి దీపము. ఇకమీద మీ యూర నూతిలో మనిషి దిగునప్పుడు, గట్టుమీద ఎవరున్నారని ముందుగా అడుగుడు.