కొండెక్కిన కచేరీ, గెడ్డ పక్కన పిల్లలు

బొబ్బిలి, పార్వతీపురం వైపు మావాళ్ళకి రాయగడ అంటే మజ్జిగౌరమ్మ గుడి, కోరాపుట్ అంటే చలి. మిగతాదంతా ఏజెన్సీ. పెళ్ళయి ఇటొచ్చి, గిరిజన పిల్లలుండే ఒక వసతి గృహం ఆవరణ బాగోగులు చూసే పనిలో పడ్డాక ఈ నేల కథ నాకు ఇంకో దారిలో తెలిసింది. ఎవరు ఎక్కడ ఇల్లు కట్టుకున్నారు, ఏ నీళ్ళు తాగారు, ఏ జ్వరానికి జడిసి ఎటు పోయారు అని అడుగుతూ వెళ్తే ఇక్కడి చరిత్ర రాజుల వరస కంటే తేటగా అర్థమవుతుంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఇదంతా మన విశాఖపట్నం జిల్లాయే, జయపురం సంస్థానం. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవవర్మ గారు ఈ జయపురం మహారాజే. పాత కోరాపుట్ జిల్లా 1992 అక్టోబరు 2న నాలుగు ముక్కలై రాయగడ విడి జిల్లా అయింది. మన పుస్తకాల్లో ఇంతవరకు దొరుకుతుంది.

దొరకనిది జ్వరం సంగతి. 1863లో తెల్లదొరలు జయపురంలో తమ అధికారుల్ని కూర్చోబెట్టారు. చుట్టూ చెరువులు, వరిమళ్ళు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే మంచం పట్టారు. చివరికి 1870లో కచేరీని అక్కణ్ణుంచి ఎత్తి, మూడు వేల అడుగులకు కాస్త తక్కువ ఎత్తున్న కోరాపుట్‌లో పెట్టారు. మలేరియాని మోసేది దోమ అని రోనాల్డ్ రాస్ మన సికిందరాబాదులో కనిపెట్టింది 1897లో. అంటే జబ్బు ఎందుకొస్తుందో తెలియకుండానే, పైన గాలి మంచిదన్న నమ్మకంతో కొండెక్కారు. జనం మాత్రం ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోయారు. వాళ్ళ పొలం, వాళ్ళ గెడ్డ దిగువనే ఉన్నాయి మరి. పాలించేవాళ్ళ ఆరోగ్యం చూసి ఊరు కట్టారు, పాలితుల ఆరోగ్యం మాట ఎవరూ ఎత్తలేదు. ఆ తేడా ఏర్పడి నూరేళ్ళు దాటింది. ఇప్పటికీ పూర్తిగా పూడలేదు.

దోమ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నేను మొదట్లో మన ఊళ్ళలో చేసినట్టే చేయించాను. కాలువల పూడిక తీయించడం, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు ఏరించడం. అవీ కావాల్సినవే. అయితే మా దగ్గర వంట చేసే పెద్దావిడ, మేమంతా మావుసీ అంటాం, ఒకరోజు నన్ను వెనక గోడ అవతలికి తీసుకెళ్ళి గెడ్డ చూపించింది. అద్దంలాంటి నీళ్ళు, ఒడ్డున గడ్డి, అడుగున గులకరాళ్ళు. "అమ్మా, మీరు మురుగు వెతుకుతున్నారు. మా జ్వరం ఇక్కణ్ణుంచే వస్తది" అంది. ఆవిడ చెప్పింది శాస్త్రం చెప్పేదే. ఈ కొండల్లో మలేరియాని ముఖ్యంగా వ్యాపింపజేసే ఎనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ గుడ్లు పెట్టేది నెమ్మదిగా పారే తేట నీటి అంచుల్లో. గెడ్డను పూడ్చలేం, పూడ్చకూడదు కూడా. కాబట్టి ఆవరణ ఎంత శుభ్రంగా ఉన్నా సరిపోదు. పిల్లలు పడుకునే గదికీ గెడ్డకీ మధ్య అడ్డు ఉండాలి: కిటికీకి చిరగని మెష్, తనంతట తాను మూసుకునే తలుపు, మంచం మీద మందు పట్టించిన తెర.

ఆ తెరకూ ఒక పద్ధతుంది. చాకిరేవు బండ మీద బాదకూడదు. మెత్తని సబ్బుతో జాడించి నీడన ఆరేయాలి. ఎండలో వేస్తే మందు పోతుంది. ఎన్ని ఉతుకులైందో చూసుకోవాలి, ఇరవై దాటాక దాన్ని నమ్మలేం. చిరుగు కనబడిన రోజే కుట్టాలి. ఒడిశా ప్రభుత్వం 2017లో కోటికి పైగా ఇలాంటి తెరలు పంచింది. 'దమన్' పేరుతో మారుమూల ఊళ్ళలో జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ రక్తపరీక్ష చేసి మందిచ్చింది. 2016లో రాష్ట్రంలో నాలుగు లక్షలు దాటిన మలేరియా కేసులు 2018కి డెబ్భై వేల లోపుకి దిగాయి. తర్వాత ఇంకా తగ్గి, ఈ మధ్య మళ్ళీ పెరుగుతున్నాయి. పాత తెరలు చిరిగిపోయిన చోట్ల ఆ పెరుగుదల నాకు ఆశ్చర్యం కలిగించదు.

ఇక నీళ్ళు. శ్రీకాకుళంలో మీరు చూసే నాగావళి మా రాయగడ మీదుగానే వస్తుంది. ఇంత నీరున్న నేల మీద 2007 వానాకాలంలో కాశీపూర్, దశమంతపూర్ వైపు కలరా వచ్చి జనం పోయారు. తాగడానికి ఊటల నీరు, గెడ్డ నీరు తప్ప గతిలేని ఊళ్ళవి. అందుకే నేను ట్యాంకు మూత విషయంలో మొండిదాన్ని. మూత పగిలితే ఆ రోజే మారాలి. ట్యాంకు కడిగిన తేదీ గోడ మీద సుద్దతో రాయాలి. బ్లీచింగు కొలిచి వేయాలి, చేతికొచ్చినంత గుమ్మరించడం కాదు. సెప్టిక్ ట్యాంకుకీ బోరుకీ మధ్య దూరం కట్టేటప్పుడే చూసుకోవాలి, తర్వాత చేయగలిగింది లేదు. మోటారు ఉన్నా ఆవరణలో బోరింగు తీసేయనివ్వను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసి ఇటొచ్చినప్పుడు ఇక్కడా కరెంటు పోయింది. అలాంటి రోజుల్లో చేతి పంపే దిక్కు.

ఈ ప్రాంతంలో ఇల్లెలా ఉండాలో పాతవాళ్ళకి తెలుసు. 1882లో జర్మనీ నుంచి వచ్చిన బ్రెక్లుం మిషన్‌వాళ్ళ కాలం నుంచి ఇక్కడ లేచిన పాత బంగళాలు చూడండి: ఎత్తు పునాది, నాలుగు వైపులా వరండా, బెంగుళూరు పెంకు. జడివాన గోడను తాకదు. ఇప్పటి హాస్టళ్ళకి బల్లపరుపు శ్లాబు, మూలన ఒక్క గొట్టం. ఆ గొట్టంలో ఆకులు అడ్డుపడితే శ్లాబు చెరువై, ఆగస్టుకి లోపలి గోడ పచ్చబడుతుంది. ఆ తేమలో ముప్ఫై మంది పిల్లలు ఊపిరి తీసుకుంటారు. మే నెలలో ఒక మనిషి ఒక పూట పైకెక్కి ఊడిస్తే తప్పే తిప్పలు ఇవి.

ఒడిశాలో గిరిజన పిల్లల కోసం 1,700కు పైగా ప్రభుత్వ బడులున్నాయి. వాటిలో లక్షల మంది పిల్లలు ఉండి చదువుకుంటున్నారు. కోంధు, పరజ, సవర పిల్లలు ఆరేళ్ళ వయసులో అమ్మని వదిలి వస్తారు. ఏడాదిలో ఎక్కువ రాత్రులు వాళ్ళు గడిపేది మేం చూసుకునే కప్పు కిందే. 1954లో డెన్మార్క్ డాక్టరమ్మ ఎలిజబెత్ మాడ్సన్ బిస్సంకటక్‌లో ఆసుపత్రి మొదలుపెట్టినప్పుడు, రోగి దగ్గరికి వైద్యం వచ్చింది. హాస్టలుతో రోగం రాకముందే చూసుకునే అవకాశం వచ్చింది. దాన్ని ప్లంబరు, మేస్త్రీ, మెష్ కుట్టే మనిషి చేతుల్లో పెట్టాం గానీ వాళ్ళకి నెల జీతం పెట్టడం మరిచిపోయాం. కొత్త భవనానికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. వాషరు మార్చడానికి బిల్లు పాసవ్వాలంటే మూడు సంతకాలు.

మన వైపు నుంచి అప్పుడప్పుడూ ఫోన్లొస్తుంటాయి. పిల్లల కోసం ఒక గది కట్టిస్తాం, నాన్నగారి పేరు పెట్టిస్తారా అని. మంచి మనసుతో అడిగేవాళ్ళే. గది వద్దండీ, ఆ డబ్బు బ్యాంకులో వేసి, వచ్చే వడ్డీతో ఒక ప్లంబరుకి నెలకి రెండు రోజుల కూలి ఇప్పించండి అంటాను. ఇద్దరు ఒప్పుకున్నారు. నాన్నగారి పేరు మోటారు గది తలుపు మీద రాయించాం.