చెల్లుచీటి కోరని లేఖకులు

మన సంఘపు సంచికకు తెలుగు క్రైస్తవుల పూర్వచరిత్రను గూర్చి యేదేని వ్రాయుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను గాను. మెట్రిక్యులేషను వరకు చదివి, ముప్పదియాఱేండ్లు గుమాస్తాగిరి చేసి విశ్రాంతి గొన్నవాడను. నా చేతిమీదుగా వెడలిన చిత్తుప్రతులు వేలకొలది యుండును. వాని క్రింది సంతకములు మాత్ర మితరులవి. ఒక పర్యాయము, నేను రాత్రింబవళ్లు కూర్చుండి తయారు చేసిన నివేదికకు వేఱొకరికి సభలో శాలువ కప్పిరి. ఆ దినమున నేను వెనుక వరుసలో నిలువబడి చప్పట్లు కొట్టితిని. ఇంటికి వచ్చి అన్నము ముట్టలేదు. అందువలననే కాబోలు, చరిత్ర పుస్తకములు చదువునపుడు సంతకము పెట్టినవారికంటె చిత్తు వ్రాసినవారి మీదనే నా దృష్టి నిలుచుచుండును.

ధర్మము చేయునపుడు నలుగురకు వినబడునట్లు చాటుకొనువారిని గూర్చి క్రీస్తు ప్రభువు పలికిన మాట మత్తయి సువార్త ఆఱవ యధ్యాయమున నున్నది. అట్టివారికి రావలసినది వచ్చివేసినదని దాని తాత్పర్యము. గ్రీకు మూలమున నచట వాడబడిన క్రియాపదము, సొమ్ము పూర్తిగా ముట్టినదని ఆనాటి వర్తకులు వ్రాసి యిచ్చుకొను రసీదులలోని మాటయే. ఈజిప్టు ఇసుకలో దొరకిన ప్రాచీన పత్రములను పరిశీలించి, ఆడాల్ఫ్ డైస్‌మన్ అను జర్మను పండితుడు ఈ సంగతిని వివరించెను. మన భాషలో దానిని చెల్లుచీటి యందుము. చప్పట్లు మ్రోగినంతనే ఖాతా మూయబడినదన్నమాట. లెక్కలు వ్రాసి బ్రతికినవానికి ఈ పోలిక సూటిగా తగులును.

తెలుగు బైబిలు కథలో ఇట్టి చెల్లుచీటి యందుకొనకయే పోయినవారు పలువురు గలరు. ఆ కథ కృష్ణా గోదావరీ తీరములందు గాక, మనవంటి ప్రవాసుల నడుమ, మదరాసు పట్టణమున ప్రారంభమైనదని మన పిల్లలకు చెప్పవలెను. జర్మనుడైన బెంజమిన్ షుల్జ్ 1719లో తరంగంబాడిలో దిగెను. సీగన్‌బాల్గ్ రూతు గ్రంథము వరకు తెచ్చి విడిచిపోయిన తమిళ బైబిలు అనువాదమును ఇతడు పూర్తిచేసెను. 1726లో మదరాసు చేరి, అచట వీధివీధిని తెలుగు వినబడుటచే ఆ భాషను నేర్చెను. 1728 నాటికి క్రొత్త నిబంధనమును, 1732 నాటికి పాత నిబంధనమును తెనిగించెను. లాటిను భాషలో తెలుగు వ్యాకరణమును గూడ వ్రాసెను. అచ్చువేయుటకు తెలుగు అక్షరపు దిమ్మెలు లేవు. 1743లో స్వదేశమునకు మరలిన పిమ్మట, హాలే పట్టణమున దిమ్మెలు పోయించి 1746లోను 1747లోను కొన్ని చిన్న పుస్తకములను ముద్రింపించెను. అందొకదాని పేరు "మోక్షానికి కొంచుపొయ్యే దోవ". పేరులోనే మదరాసు బజారు వినబడుచున్నది. పండితులు నవ్విన నవ్వుదురు గాక, నాకది ఇంపుగనే యున్నది. కాని ఆ మహాకార్యమగు బైబిలు మాత్రము అచ్చు కాలేదు. 1760లో షుల్జ్ మరణించెను. ఆయన వ్యాకరణము 1984లో గాని వెలుగు చూడలేదు. 1728 నుండి లెక్కించిన 256 సంవత్సరములు! ఇతడు దోషరహితుడని చెప్పను. తోడి మిషనరీలతో పొసగక పోట్లాడెననియు చరిత్రకారులు వ్రాసియున్నారు. అయినను అచ్చు కాని గ్రంథమున కంతటి శ్రమపడినవాని యోపిక నాకు నమస్కార యోగ్యముగా దోచును.

నా మనసున కంటె దగ్గఱివాడు ఆనందరాయర్. ఈయన తెలుగు బ్రాహ్మణుడు. టిప్పు సుల్తాను సైన్యమున నొక పటాలములో లెక్కలు వ్రాయు నుద్యోగి. 1799లో శ్రీరంగపట్టణమున టిప్పు కూలిన తరువాత ఒక ఇంగ్లీషు దొర యొద్ద అట్టి పనినే చేసెను. లెక్కలలో నిపుణుడైన ఈయనకు లోపలి లెక్క యొకటి తేలక యుండెను. ముక్తిమార్గ మేదియని యొక వృద్ధ బ్రాహ్మణుని అడుగగా, ఒక మంత్రమును నాలుగు లక్షల పర్యాయములు జపింపుమని ఆయన చెప్పెనట. దినమునకు రెండువేల చొప్పున జపించినను రెండువందల దినములు పట్టును. ఆనందరాయర్ దానిని పూర్తిచేసెను. పరిహాసమునకు నేనీ మాట చెప్పుట లేదు. అంతటి దీక్ష నావంటి ఆదివారపు భక్తున కెన్నడును లేదు. ఆ జపానంతరమును శాంతి దొరకక, వెదకి వెదకి, తుదకు తమిళదేశమున బాప్తిస్మము పొందెను.

ఆ కాలమున నిట్టి నిర్ణయమున కెంత మూల్యమో నేటివారు ఊహింపజాలరు. కులమును బంధువర్గమును పోవుటయే గాక, మతము మార్చుకొన్నవాడు పిత్రార్జితమందలి భాగమును గోల్పోవుట అప్పటి న్యాయము. దానిని తొలగించిన 21వ చట్టము 1850లో గాని రాలేదు.

1805లో లండను మిషనరీ సంఘమువారగు జార్జి క్రాన్, ఆగస్టస్ దె గ్రాంజ్ విశాఖపట్టణమునకు వచ్చిరి. ఆనందరాయర్ వారితో కూడెను. వారికి తెలుగు క్రొత్త, ఈయనకు తల్లిభాష. సువార్తలను ఈయన తెలుగున వ్రాయుటయు, దొరలు సరిచూచుటయు జరుగుచుండెను. క్లాడియస్ బుకానన్ అను మతాచార్యుడు 1806లో విశాఖపట్టణమున వీరి పనిని జూచి, 1811లో ప్రకటించిన తన గ్రంథమున ఈ బ్రాహ్మణుని వృత్తాంతమును చేర్చెను. అది లేనిచో ఆయన పేరు మన కీమాత్రము దక్కి యుండెడిది కాదేమో. క్రాన్ 1809లోను, దె గ్రాంజ్ 1810లోను కన్నుమూసిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరామపురమున అచ్చయినది 1812లో. ఇరువురు దొరలలో నొక్కరును ఆ పుస్తకమును చేతబట్టి చూడలేదు. గ్రంథసూచికలలో అనువాదకునిగా సాధారణముగా కానవచ్చునది దె గ్రాంజ్ పేరు. చిత్తు ఆనందరాయర్‌ది, సంతకము దె గ్రాంజ్‌ది అని నేను మొదట చదివినపుడు పాతగాయము రేగినట్లై, దొరల మీద కోపము వచ్చినది. పిదప ఆ మరణ సంవత్సరములు చూచి కోపము చల్లారినది. సంతకము గలవానికి మాత్ర మేమి ముట్టినది? విశాఖ శ్మశానమున ఆఱడుగుల నేల.

పై ఫలమును కోరి యిహమును విడుచుటయు నొకవిధమైన వ్యాపారమే గదా యని మా మిత్రుడొకడు వాదించును. ఆ వాదనకు నాయొద్ద పూర్తి సమాధానము లేదు. కాని వ్యాపారికి గడువు తేది యుండును. ఆనందరాయర్ అప్పులో గడువు వ్రాయబడలేదు.

ఒరిస్సాలోని మనవారి కొఱకు ఇంకొక పేరు చెప్పి విరమింతును. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో, వంగదేశమునుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబమున పుట్టిన పురుషోత్తమ చౌదరి, క్రైస్తవుడై, 1890లో మరణించువరకు తెలుగున కీర్తనలు రచించెను. అవి నేటికిని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున నున్నవి. మా మామ్మ నిరక్షరాస్యురాలు. దంపుడు రోలు వద్ద ఆ కీర్తనలను వరుసగా పాడెడిది. ఎవరు వ్రాసిరే మామ్మా యని అడిగితిని. "దేవుని పాటకు మనిషి పేరెందుకురా" యని రోకలి చేయి మార్చుకొన్నది.

ఈ వ్యాసముతో పాటు నా ఛాయాచిత్రమును పంపవలెనని కార్యదర్శిగారి రెండవ ఉత్తరము వచ్చినది. స్టూడియోకు పోయి, ఇస్త్రీచొక్కా తొడిగి, తీయించియు నుంటిని. అది బల్లసొరుగులోనే యున్నది.