తూము ఎత్తిన చెయ్యి: పోచంపాడు నీళ్ళు, ప్రపంచ ఒప్పందాలు, నీరటి చరిత్ర

పర్యావరణం, సుస్థిరాభివృద్ధి అనంగనే మన చదువుకున్నోళ్ళకు స్టాక్‌హోం గుర్తుకొస్తుంది, రియో గుర్తుకొస్తుంది. 1972, 1992 అని సంవత్సరాలు అప్పజెప్తారు. ఆ సభల్లో ఏ దేశం ఏం మాట్లాడిందో పుస్తకాల్లో ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో చెరువు కట్టమీద రాత్రింబగళ్ళు కావలి ఉండి నీళ్ళను కాపాడిన మనిషి గురించి మాత్రం నాలుగు వాక్యాలు దొరకడం కష్టం. కాకతీయులు చెరువులు తవ్వించారని రాసిన చరిత్రకారులు ఆ చెరువును నడిపించిందెవరో రాయలేదు.

ఆ మనిషిని నీరటి అంటారు. రికార్డుల్లో నీరడి అని ఉంటుంది. మా తాత నీరటి. జగిత్యాలకూ కోరుట్లకూ నడుమ ఉన్న ఊరు మాది. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటోణ్ణి నేను. పరిశోధనకు విషయం వెతుక్కుంటూ ఎక్కడెక్కడో తిరిగి, చివరికి మా తాత భుజం మీది పార దగ్గరికి వచ్చి ఆగిన.

నీరటి పని ఏమిటి?

తూము ఎత్తుడు, దించుడు ఒక్కటే నీరటి పని అనుకుంటే పొరపాటు. వానాకాలం మత్తడి దుంకేటప్పుడు కట్టకు బుంగ పడకుండా చూడాలె. కాలువలో పూడిక తియ్యాలె. ఏ మడికి ఎన్ని ఘడియలు పారాలో లెక్క ఉండాలె. ఆబీ పంటకు చెరువు నిండితే ఆయకట్టు అంతా పారిస్తారు. తాబీకి నీళ్ళు తక్కువుంటే ఉన్న నీళ్ళకు సరిపడా ఎకరాలే నాటెయ్యాలె. దీన్నే తైబందీ అంటారు. చెరువులో నీళ్ళు ఎన్నాళ్ళు వస్తాయో కట్టమీద నిలబడి కంటితో కొలిచి చెప్పేది నీరటే. వనరు ఎంతుందో అంతే వాడుకోవాలె, వచ్చే ఏడాదికి మిగలాలె అన్న సూత్రాన్ని ఐక్యరాజ్యసమితి కమిషన్ 1987లో సుస్థిరాభివృద్ధి పేరుతో నివేదికగా రాసింది. మా తాతకు ఆ నివేదిక తెల్వదు. తైబందీ తెలుసు.

ఈ పనికి కూలి లేదు. కల్లం కాడ మేర పెట్టేవాళ్ళు, ఇనాం భూమి కొంత ఇచ్చేవాళ్ళు. మా ప్రాంతంలో చాలా ఊళ్ళల్లో నీరట్లు మాలలు, కొన్ని ఊళ్ళల్లో మాదిగలు, కొన్నిచోట్ల వేరే కులాలు కూడా ఉన్నారు. ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలె. ఊరు మొత్తం తినే బువ్వకు నీళ్ళు వదిలేది నీరటి చెయ్యి. ఆ చెయ్యి తగిలిన నీళ్ళతోటే వడ్లు పండుతాయి, ఆ వడ్లు దొర ఇంట్లో కూడా వండుతారు. అదే చెయ్యి ఊరి బావిలో చేద వెయ్యరాదు. అంబేద్కర్ 1927 మార్చి 20న మహద్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగింది ఈ నీతి మీద తిరుగుబాటుగానే. మన చెరువుల చరిత్ర రాసేటోళ్ళు మహద్‌ను మహారాష్ట్రకు వదిలేసి, ఇక్కడి చెరువులను గ్రామ ఐకమత్యానికి గుర్తుగా చూపిస్తారు. ఆ ఐకమత్యంలో వాడ ఎక్కడుందో చెప్పరు.

చట్టంలో నీరడి పేరు

నిజాం రాజ్యం పోయినంక 1955లో హైదరాబాద్ ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఇనాములన్నీ రద్దు చేస్తూ కొన్నింటిని మినహాయించారు. ధర్మసంస్థల ఇనాములు ఒకటి. రెండోది గ్రామసేవ ఇనాములు. సేతుసింధి, నీరడి, బలుతా అని ఆ చట్టంలోనే పేర్లు ఉన్నాయి. అంటే మన నీరటి ఒక చట్టం పాఠంలోకి ఎక్కిండు. కానీ ఎట్లా? భూమి ఉండాలంటే చాకిరి ఉండాలె. చాకిరి చేసినన్ని రోజులే భూమి. మా తాత చేతిలో ఉన్న రెండెకరాలు ఆయనవీ కావు, ఆయనవి కాకపోనూ లేదు. ఆ భూమి ఎప్పుడు ఎవరి పేరు మీదికి మారిందో తెలుసుకుందామని నేను కాగితాల కోసం తిరిగిన. పహాణీలో ఒక ఏడు మా తాత పేరుంది, తర్వాత కొన్నేండ్ల కాగితాలు లేవు, ఆ తర్వాత వేరే పేరుంది. అడిగితే చెదలు పట్టినయని చెప్పిండ్రు. చెదలు కూడా మన పేర్లున్న కాగితాలనే ఏరుకుంటాయేమో.

పోచంపాడుకు ప్రపంచం వచ్చింది

1963 జూలై 26న గోదావరి మీద పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూ పునాదిరాయి వేసిండు. ఇప్పుడు శ్రీరాంసాగర్ అంటున్నాం. దాని కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల మీదుగా కరీంనగర్ దిక్కు పోతుంది. మొత్తం పొడవు 284 కిలోమీటర్లు. 1971లో ప్రపంచబ్యాంకు అనుబంధ సంస్థ దీనికి 3 కోట్ల 90 లక్షల డాలర్ల రుణమిచ్చింది. మా ఊళ్ళకు అంతర్జాతీయ సహకారం అన్నది మొదలు ఈ కాలువ రూపంలోనే వచ్చింది.

పెద్ద ప్రాజెక్టులంటేనే దళితులకు వ్యతిరేకమని నేను అనడం లేదు. అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో ఉన్నప్పుడు అమెరికాలోని టెనెస్సీ లోయ పథకాన్ని చూసే దామోదర్ లోయ పథకానికి రూపం కట్టిండు. కేంద్ర జలసంఘానికి బీజం పడింది ఆ కాలంలోనే, 1945లో. పరాయి దేశం నుంచి తెలివి తెచ్చుకోవడం ఆయనకు తప్పు కాలేదు. ఆ నీళ్ళు ఎవరి భూమికి పోతాయన్నదే అసలు ప్రశ్న.

కాలువ నీళ్ళు భూమి ఉన్నోని దగ్గరికి పోతాయి. భూమి లేనోనికి కాలువ కింద నాటు కూలి దొరుకుతుంది. అది కూడా తక్కువ మాట కాదు, మా అమ్మ ఆ కూలి మీదనే మమ్మల్ని సాదింది. కానీ తరితో పాటు భూమి ధర పెరిగింది. ధర పెరిగిన చోట పేదోని చేతిలో ఉన్న గుంటల మీద అందరి కన్ను పడ్డది. చెరువుకు నీళ్ళు కాలువ నుంచి వచ్చే ఊళ్ళల్లో చెరువుతో అవసరం తగ్గింది, నీరటితోనూ తగ్గింది. కాలువ గేట్ల మీద ప్రభుత్వ లష్కర్లు వచ్చారు. కల్లం కాడ మేర పెట్టుడు బందయింది. సిరిసిల్ల తాలూకా చాలామట్టుకు ఈ కాలువకు దూరంగనే ఉండిపోయింది. అక్కడ నీరటి కొడుకులు మరమగ్గాల కాడికి, బొంబాయి, భీవండి దిక్కు పోయిండ్రు. మా నాయిన గల్ఫుకు పోయిండు.

1978లో అడిగింది నీళ్ళను కాదు

పోచంపాడు కాలువ జగిత్యాల పొలాలకు చేరిన కాలంలోనే జగిత్యాల రైతాంగ పోరాటం నడిచింది. 1978 సెప్టెంబర్‌లో వేలమంది పల్లెల నుంచి జగిత్యాలకు నడిచొచ్చారు. అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ జనం అడిగింది ఏమిటి? వెట్టి బందుగావాలె, జీతగాండ్లకు జీతం పెరగాలె, దొరలు ఆక్రమించిన బంజర్లు, సర్కారు భూములు పేదలకు కావాలె. వీటిని వర్గపోరాటం కింద రాసినోళ్ళున్నారు. పర్యావరణ చరిత్ర కింద రాసినోళ్ళు మాత్రం అరుదు. చెరువు, బంజరు, శిఖం ఎవరి చేతిలో ఉండాలన్నది పర్యావరణ ప్రశ్న కాకపోతే మరేమిటి? చెట్టును కాపాడే పోరాటానికి ఆ పేరు ఉన్నప్పుడు వెట్టి నుంచి విడుదలకు ఎందుకు లేదు?

డబ్లిన్ నుంచి నీటి సంఘాల దాకా

1992 జనవరిలో డబ్లిన్‌లో నీటి మీద అంతర్జాతీయ సభ జరిగింది. అదే ఏడు జూన్‌లో రియో సభ. డబ్లిన్ నాలుగు సూత్రాలు చెప్పింది. మంచినీరు పరిమితం. నీటి నిర్వహణలో వాడకందార్లు పాలుపంచుకోవాలె. స్త్రీల పాత్ర కీలకం. నీటికి ఆర్థిక విలువ ఉంది. మంచి మాటలే. కానీ నాలుగింటిలోనూ కులం అన్న మాట లేదు. నీళ్ళ దగ్గర అంటరానితనం పాటించే దేశానికి ఆ సూత్రాలు దిగుమతి అయినప్పుడు ఏం జరుగుతుందో 1997లో చూసినం.

ఆ ఏడు ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి యాజమాన్య చట్టం వచ్చింది. ప్రపంచబ్యాంకు సాయంతో మూడో ఇరిగేషన్ ప్రాజెక్టు కూడా ఆ ఏడే మొదలైంది. రాష్ట్రమంతటా 10 వేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు జరిపారు. భాగస్వామ్యం అంటే ఇదీ అని దేశదేశాల్లో చెప్పుకున్నారు. ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి ఉన్న పట్టాదారుకు, రికార్డుకెక్కిన కౌలుదారుకు. మాటమీద కౌలు చేసేటోనికి లేదు. నాటేసే కూలీకి లేదు. చెరువులో బట్టలుతికే చాకలికి, గొడ్లను తోలే మాదిగకు ఓటులేని సభ్యత్వం దొరికితే దొరకొచ్చు. తూము గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన నీరటి, భూమి లేకపోతే, నీటి సంఘంలో ఓటరే కాడు. దొర కొడుకు మాత్రం అధ్యక్షుడు కావచ్చు.

ఇది అనుకోకుండ జరిగిన తప్పు కాదు. నీళ్ళను వాడుకునేటోడే యజమాని, కాపాడేటోడు పనోడు అన్న పాత ఊరి నీతిని కొత్త చట్టం ఎత్తుకొచ్చింది. అంతర్జాతీయ సంస్థలు ఊరిని ఒకే సమూహంగా చూస్తాయి. ఊరూ వాడా వేరని వాటికి చెప్పేటోళ్ళు కూడా ఊరోళ్ళే.

2001లో దర్బన్ సభకు దళితులు పోయి కులాన్ని ఐక్యరాజ్యసమితి ముందు పెట్టిండ్రు. భారత ప్రభుత్వం అది మా ఇంటి సంగతి అన్నది. నీళ్ళు, అడవి, గాలి ప్రపంచ సంగతులు, కులం మాత్రం ఇంటి సంగతి అనేది ఎట్లా కుదురుతుంది? 2015లో ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఆరోది అందరికీ నీళ్ళు. అసమానతల మీది పదో లక్ష్యంలో వయసు, లింగం, జాతి, మతం అని వరుసగా పేర్లున్నాయి. కులం అక్కడా లేదు, ‘ఇతర స్థితి’లో దాక్కున్నది.

వారసత్వం ఎవరిది?

2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ మొదలుపెట్టింది. 46 వేలకు పైగా చెరువుల పూడిక తియ్యాలన్నది సంకల్పం. ఒండ్రు మట్టి రైతులు తమ ఖర్చుతో తోలుకోవాలె. ట్రాక్టర్ ఉన్నోని చెల్కలు బలిసినయి. 2018లో కెనడాలో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం కామారెడ్డి పెద్దచెరువును, సదర్‌మాట్ ఆనకట్టను ప్రపంచ వారసత్వ కట్టడాలుగా గుర్తించింది. సంతోషమే. కట్టడానికి వారసత్వం దొరికింది. కట్టను కాసిన మనిషికి?

ఆయన వారసుడు మా చిన్నాయిన. నీరటి, మస్కూరి, సేతుసింధి అన్న పాత పేర్లన్నీ కలిపి గ్రామ రెవెన్యూ సహాయకులని చేసిండ్రు. ఏండ్ల తరబడి గౌరవ వేతనం మీద పనిచేసి, సమ్మెలు చేసినంక, 2023లో ప్రభుత్వం వాళ్ళను వేర్వేరు శాఖల్లో కలుపుకున్నది. కుటుంబంలో నెల జీతం చూసిన మొదటి నీరటి ఆయనే. చెరువు కాడ కాదు, ఒక ఆఫీసులో కూచుంటడు. జీతం మంచిదే. ఆ తెలివి మాత్రం కట్టమీదనే మిగిలిపోయింది. ఎత్తుకునేటోళ్ళు లేరు.

అందుకని మనం అడగాల్సినవి స్పష్టంగా అడగాలె. నీటి సంఘాల్లో భూమితో ముడిపెట్టకుండా ఓటు కావాలె. నీరడి ఇనాం భూములు 1955 తర్వాత ఎవరి చేతికి పోయినయో ఊరూరా లెక్క తియ్యాలె. బతికి ఉన్న ముసలి నీరట్ల మాటలు రికార్డు చెయ్యాలె. ఈ చివరి పని ప్రభుత్వం చెయ్యదు, పరిశోధకులం మనమే చెయ్యాలె, తొందరగా చెయ్యాలె.

మా తాత చనిపోయేముందు ఒకసారి అడిగిన, తాతా నీకు చెరువు మీద కోపం రాలేదా అని. ‘చెరువేం చేసిందిరా బిడ్డా, నేను తూము ఎత్తితే పారింది, దించితే ఆగింది. నా మాట విన్నది ఊర్లె అదొక్కటే’ అన్నడు.