లేసు పువ్వు వెనక లెక్క

మా సంఘంలో కొందరం లేసు పువ్వులు, ఆకులు అల్లుతున్నాం. ఈ పని మన వాకాడులో పుట్టింది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం వైపు 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్‌రే దంపతులు అక్కడి ఆడవాళ్లకు నేర్పారని చెబుతారు. నూలుదారం, చివర కొక్కెం ఉన్న సన్న సూది, అంతే. మగ్గం అక్కర్లేదు. ముందు గొలుసు అల్లి, గుండ్రంగా కలిపి, చుట్టూ రేకులు వేసుకుంటూ పోతే పువ్వు. గొలుసుకు రెండు పక్కలా పొట్టి కుట్లు, పొడుగు కుట్లు వేస్తే ఆకు.

అక్కడ ఒకామె పువ్వులే అల్లేది, ఇంకొకామె వాటిని అతికేది. దారం ఇచ్చేది, సరుకు పట్టుకెళ్లేది ఏజెంటు. ఆ సరుకు పై దేశాలకు పోయేది. జర్మనీ ఆమె మరియా మీస్ 1970ల చివర్లో నరసాపురం వచ్చి అంతా చూసి, 1982లో పుస్తకం అచ్చేసింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా చేతికి రూపాయి కూడా వచ్చేది కాదట! ఎందుకంటే వాళ్లు 'ఇంట్లో ఖాళీగా ఉండే ఆడోళ్లు, పొద్దుపోక అల్లుతున్నారు' అని లెక్క. వంట, పిల్లలు, గేదెలు చూసుకుని అల్లే మనిషికి ఖాళీ ఎక్కడిది? వల బాగుచేసే మనిషికి కూలి కడతాం కదా. లేసును కూలి పని అనకపోతే కూలి రేటూ ఎవరూ అడగరు. మాకు ఆ మాటే ముల్లులా గుచ్చుకుంది.

2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు వచ్చింది. కాబట్టి మనం అల్లినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు, వాకాడు సంఘం లేసు అనే అమ్మాలి. దారం ఖరీదుతో పాటు గంటలు కూడా పుస్తకంలో రాస్తున్నాం. పువ్వుకు ఎంతసేపు, ఆకుకు ఎంతసేపు, అతకడానికి ఎంతసేపు, అన్నీ వేరువేరుగా. ఎవరైనా రేటు అడిగితే ముందు ఆ పుస్తకం తెరుస్తున్నాం.